విశ్వాన్ని తిరగరాసిన నల్ల గీతలు

భౌతికశాస్త్రంలో విప్లవాల గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా మనుషుల పేర్లే వినబడతాయి. ఒక మేధావికి ఒక ఆలోచన తట్టింది, అప్పటిదాకా నమ్మినదంతా కూలిపోయింది అన్నట్టు సాగుతుంది కథ. విశ్వం గురించిన అవగాహన నిజంగా ఎలా మారిందో దగ్గరగా చూస్తే ఈ కథ చాలదు. పెద్ద మలుపులు చాలావాటిలో ఒకే ఆధారం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. అది వెలుతురును రంగులుగా విడదీసినప్పుడు కనబడే సన్నని గీతలు. రెండు వందల ఏళ్ళ కిందట కొలిచిన సూర్యుడి గీతలు ఈరోజు కొలిచినా అక్కడే ఉంటాయి. వాటిని అర్థం చేసుకునే తీరు మాత్రం పదేపదే మారింది. మారిన ప్రతిసారీ విశ్వం అంతకుముందు అనుకున్నది కాదని తేలింది.

సూర్యకాంతిని గాజు పట్టకంలోంచి పంపితే రంగుల పట్టీ వస్తుందని 17వ శతాబ్దంలోనే న్యూటన్ వివరించాడు. 1802లో ఇంగ్లండ్‌లో విలియం వొలాస్టన్ ఆ పట్టీలో కొన్ని నల్ల గీతలు గమనించాడు కానీ, అవి రంగుకీ రంగుకీ మధ్య హద్దులనుకుని ఊరుకున్నాడు. పన్నెండేళ్ళ తర్వాత బవేరియాలో వాటిని పట్టించుకున్నవాడు జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్. పదకొండేళ్ళకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకుని అద్దాల పనిలో చేరినవాడు. అతనికి కావలసింది విశ్వ రహస్యం కాదు, మంచి టెలిస్కోపు కటకం. ఒక్కో రంగు గాజులో ఎంత వంగుతుందో కచ్చితంగా కొలవాలంటే రంగుల పట్టీలో కదలని గుర్తులు ఉండాలి. నల్ల గీతలు అందుకు సరిగ్గా పనికొచ్చాయి. ఐదు వందల డెబ్భైకి పైగా గీతలను గుర్తించి, ముఖ్యమైనవాటికి ఎ, బి, సి, డి అని అక్షరాలు ఇచ్చాడు. శుక్రగ్రహం వెలుతురులోనూ అవే గీతలు కనిపించాయి, ఎందుకంటే అది సూర్యుడి వెలుతురే. సిరియస్ నక్షత్రంలో వేరే గీతలు కనిపించాయి. ఆ గీతలు ఎందుకు వస్తున్నాయో తెలియకుండానే 39 ఏళ్ళకు చనిపోయాడు.

1835లో ఫ్రెంచ్ తత్వవేత్త ఆగస్ట్ కామ్ట్ ఒక మాట రాశాడు. నక్షత్రాల దూరం, చలనం కొలవగలం గానీ, అవి ఏ పదార్థంతో తయారయ్యాయో ఎప్పటికీ తెలుసుకోలేం అని. తర్వాతి తరాలు ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేశాయి. ఆ కాలానికి అది చాలా సబబైన మాట. ఒక వస్తువులో ఏముందో తెలియాలంటే దాన్ని చేతిలోకి తీసుకోవాలి, కాల్చాలి, కరిగించాలి. నక్షత్రాన్ని ఎవరు తేగలరు?

కామ్ట్ చనిపోయిన రెండేళ్ళకే, 1859లో, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ కిర్కాఫ్ ఒక ప్రయోగం చేశాడు. మంటలో ఉప్పు వేస్తే పసుపు వెలుతురు వస్తుంది. వర్ణపటంలో, అంటే ఆ రంగుల పట్టీలో, అది ఫ్రాన్‌హోఫర్ డి అని పేరు పెట్టిన నల్ల గీత చోటే పడుతుంది. అయితే సూర్యకాంతిని ఆ ఉప్పు మంట గుండా పంపితే నల్ల గీత నిండిపోవాలి కదా అని చూశాడు. నిండలేదు సరికదా, ఇంకా నల్లబడింది. దాంతో విషయం తేలింది. వేడెక్కిన సోడియం ఆవిరి ఏ రంగును వెదజల్లుతుందో, వెనకనుంచి అంతకన్నా వేడి వెలుతురు వస్తే సరిగ్గా అదే రంగును మింగేస్తుంది. అంటే సూర్యుడి పై పొరల్లో సోడియం ఉంది. తర్వాత ఇనుము, కాల్షియం, మెగ్నీషియం ఒక్కొక్కటే దొరికాయి. సహోద్యోగి రాబర్ట్ బున్సెన్‌తో కలిసి కిర్కాఫ్ ఇదే పద్ధతిలో భూమ్మీద అంతవరకూ ఎవరికీ తెలియని సీసియం, రుబీడియం మూలకాలను 1860, 1861లో పట్టుకున్నాడు.

దీన్ని రసాయన శాస్త్రంలో ఒక కొత్త పరీక్షగా మాత్రమే చూస్తే అన్యాయం చేసినట్టే. ఆకాశంలో ఉన్నది వేరే పదార్థమని, అది పుట్టదు, నశించదు అని అరిస్టాటిల్ కాలం నుంచి ఒక నమ్మకం ఉండేది. రాలే పండుకూ తిరిగే చంద్రుడికీ ఒకే నియమమని న్యూటన్ చూపించాక కూడా, చలనం ఒకటే అని తేలింది గానీ పదార్థం ఒకటే అని తేలలేదు. 1859లో తేలింది.

ఆ తర్వాతి అధ్యాయంలో కొంత భాగం తెలుగు నేల మీదే జరిగింది. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణం మామూలుది కాదు. కొన్నిచోట్ల చీకటి ఆరు నిమిషాలకు పైగా ఉంది. దాని దారి వనపర్తి, గుంటూరు, మచిలీపట్నం మీదుగా బంగాళాఖాతంలోకి వెళ్ళింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో మకాం వేశారు. గుంటూరులో మేజర్ టెన్నంట్ నడిపిన బ్రిటిష్ బృందం ఒకటి, ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ ఒకడు. గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి అంచున ఎర్రటి మంటల నాలుకల్లాంటివి కనబడతాయి. అవేమిటన్నది అప్పటికి పెద్ద ప్రశ్న. వెలుతురును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తే నల్ల గీతల బదులు మెరిసే గీతలు వచ్చాయి. అంటే అవి మండే వాయువు, అందులో ముఖ్యమైనది హైడ్రోజన్.

జాన్సెన్ గొప్పతనం ఆ తర్వాతి రోజున ఉంది. గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకుండా కూడా కనబడాలి కదా అనుకున్నాడు. స్పెక్ట్రోస్కోప్ మామూలు ఎండను రంగులన్నిటి మీదా పరిచి పల్చన చేస్తుంది. ఒకే రంగులో ఉన్న గీత మాత్రం పల్చబడదు. ఆగస్టు 19న గుంటూరులో పట్టపగలు ఆ మంటలను చూడగలిగాడు. ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ కూడా అక్టోబరులో స్వతంత్రంగా ఇదే చేశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్‌లోని సైన్స్ అకాడమీకి ఒకేరోజు చేరాయి. తర్వాత ఫ్రెంచ్ ప్రభుత్వం ఇద్దరి బొమ్మలతో పతకం వేయించింది.

హీలియంను గుంటూరులో కనుగొన్నారని తెలుగు పత్రికల్లో తరచూ కనిపించే మాటను కొంచెం సవరించుకోవాలి. ఆ గ్రహణంలో ఒక పసుపు గీత కనబడిన మాట నిజం. చూసినవాళ్ళలో ఎక్కువమంది దాన్ని సోడియం గీతే అనుకున్నారు. మచిలీపట్నంలో పోగ్సన్ అది సోడియం గీత చోట గానీ దాని దగ్గర గానీ ఉందని నమోదు చేశాడు. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, ఇది 587.6 దగ్గర ఉంది. తేడా రెండు నానోమీటర్లలోపే. గ్రహణం తొందరలో అది పట్టుబడటం కష్టం. తీరిగ్గా కొలిచి, ఇది భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని గట్టిగా నిలబడినవాడు లాకియర్. జాన్సెన్ పద్ధతి వల్ల గ్రహణం కోసం ఎదురుచూడకుండా కొలవడం సాధ్యమైంది. అందువల్ల గుంటూరుకు దక్కాల్సిన గౌరవం ఒక మూలకాన్ని కనుక్కున్న ఊరిగా కంటే, సూర్యుణ్ణి రోజూ పరిశీలించే విద్య పుట్టిన ఊరిగా ఎక్కువ. అది తక్కువ గౌరవమేమీ కాదు. లాకియర్ చెప్పిన మూలకాన్ని చాలామంది రసాయన శాస్త్రవేత్తలు నమ్మలేదు. 1895లో లండన్‌లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే పసుపు గీత చూశాకే వాదన ముగిసింది. భూమ్మీద దొరకడానికి 27 ఏళ్ళ ముందే సూర్యుడిలో దొరికిన మూలకం హీలియం.

ఇంతవరకూ గీతలు మూలకాల చిరునామాలుగా పనికొచ్చాయి. ఒక మూలకానికి ఆ గీతలే ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. 1885లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో గణితం చెప్పే యోహాన్ బాల్మర్ అనే బడి పంతులు హైడ్రోజన్ నాలుగు గీతల తరంగదైర్ఘ్యాలు తీసుకున్నాడు. 656.3, 486.1, 434.0, 410.2 నానోమీటర్లు. వాటి వెనక ఒక లెక్క ఉందని పట్టుకున్నాడు. 364.56 అనే సంఖ్యను 9/5, 16/12, 25/21, 36/32తో గుణిస్తే వరసగా దాదాపు ఆ నాలుగే వస్తాయి. భిన్నాల్లో పైన ఉన్నవి 3, 4, 5, 6ల వర్గాలు. కింద ఉన్నవి వాటిలోంచి 4 తీసేస్తే వచ్చేవి. అరవై ఏళ్ళ వయసులో బాల్మర్ ప్రకటించిన ఈ సూత్రానికి కారణం ఎవరికీ తెలియదు. అయినా అది తప్పలేదు.

ఇంకోపక్క పరమాణువు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. మధ్యలో చిన్న కేంద్రకం, చుట్టూ ఎలక్ట్రాన్లు అని 1911లో రూథర్‌ఫర్డ్ చూపించాడు. అప్పటి విద్యుదయస్కాంత సిద్ధాంతం ప్రకారం అలా తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని వెదజల్లుతూ, సెకనులో సుమారు పదివేల కోట్లవ వంతు కాలంలోనే కేంద్రకంలో పడిపోవాలి. అంటే బల్ల, రాయి, మనిషి ఏదీ ఉండకూడదు. 1913లో నీల్స్ బోర్ ఈ రెండు ముడులనూ కలిపి విప్పాడు. బాల్మర్ సూత్రం చూడగానే తనకు మొత్తం స్పష్టమైందని తర్వాత చెప్పేవాడు. ఎలక్ట్రాన్‌కు కొన్ని శక్తి మెట్లు మాత్రమే ఉంటాయి, మధ్యలో నిలబడటానికి చోటు లేదు. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినప్పుడు ఆ తేడా ఒక రంగు వెలుతురుగా వస్తుంది. అదే గీత. శక్తి ముద్దలు ముద్దలుగా ఉంటుందని 1900లో ప్లాంక్, 1905లో ఐన్‌స్టీన్ అన్నది పరమాణువు లోపలికి అలా వచ్చింది.

బోర్ మాటను నమ్మించినది మళ్ళీ హీలియమే. ఒక నక్షత్రంలో 1896లో పికరింగ్ చూసిన కొన్ని గీతలను అందరూ హైడ్రోజన్‌వి అనుకున్నారు, అవి బోర్ లెక్కలో ఇమడలేదు. అవి హైడ్రోజన్‌వి కావు, ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకున్న హీలియంవి అన్నాడు బోర్. హీలియం కేంద్రకానికి ఆవేశం రెండింతలు కాబట్టి శక్తి నాలుగు రెట్లు రావాలి. ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ అనే నిపుణుడు అభ్యంతరం చెప్పాడు. కొలిస్తే 4 కాదు, 4.0016 వస్తోంది కదా అని. ఎలక్ట్రాన్ తిరిగేటప్పుడు కేంద్రకం కూడా కొద్దిగా కదులుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోండి అని బోర్ బదులిచ్చాడు. తీసుకుంటే 4.00163 వచ్చింది. భౌతికశాస్త్రంలో విప్లవం గెలిచే తీరు ఇదే. వాగ్ధాటితో కాదు, దశాంశం తర్వాత మూడో నాలుగో స్థానంలో.

బోర్ గీసిన పరమాణువు బొమ్మ పదిహేనేళ్ళు కూడా నిలవలేదు. 1925-26లో హైసెన్‌బర్గ్, ష్రోడింగర్‌ల క్వాంటం యాంత్రికశాస్త్రం వచ్చాక ఎలక్ట్రాన్‌కు గ్రహంలాంటి కక్ష్య అన్న భావనే పోయింది. కానీ హైడ్రోజన్ గీతల లెక్క పోలేదు. కొత్త సిద్ధాంతం మొదట చేసి చూపించిన పని ఆ పాత లెక్కను మళ్ళీ రాబట్టడమే. పాతదంతా చెత్తబుట్టలో పడటమే విప్లవం అనుకునేవాళ్ళు ఈ విషయం చూడాలి.

ఇప్పుడు సూర్యుడి దగ్గరికి తిరిగి రావాలి, ఎందుకంటే అసలు ఆశ్చర్యం అక్కడ ఉంది. సూర్యుడి వర్ణపటంలో ఇనుము గీతలు వేలల్లో ఉంటాయి. కాబట్టి సూర్యుడు దాదాపు భూమిలాంటి పదార్థంతోనే, అంటే ఇనుము, సిలికాన్ వంటివాటితో తయారైందని 1920ల దాకా అనుకున్నారు. ఇంగువ వాసన ఇల్లంతా నిండిందని కూరలో ఇంగువే ఎక్కువ ఉందనుకున్నట్టు. ఈ పొరపాటు దిద్దడానికి కావలసిన పనిముట్టు కలకత్తా నుంచి వచ్చింది. ఢాకా దగ్గరి పల్లెలో పుట్టిన మేఘనాద్ సాహా 1920లో ఒక సమీకరణం ప్రచురించాడు. ఒక ఉష్ణోగ్రత, పీడనం దగ్గర ఏ మూలకం పరమాణువుల్లో ఎంత భాగం ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటాయో అది చెబుతుంది. బోర్ పరమాణువును, ఉష్ణగతిక శాస్త్రాన్ని కలిపిన పని అది. దాని సారాంశం ఏమిటంటే, గీత బలంగా ఉందంటే ఆ మూలకం ఎక్కువ ఉందని కాదు. ఆ వేడిలో ఆ గీత ఇవ్వగలిగిన స్థితిలో ఎన్ని పరమాణువులు ఉన్నాయన్నది ముఖ్యం. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలు. ఆ వేడిలో హైడ్రోజన్ పరమాణువుల్లో అతి కొద్ది మాత్రమే కంటికి కనిపించే గీతలు ఇవ్వగలవు. మిగతావి ఉండీ కనబడవు.

హార్వర్డ్ అబ్జర్వేటరీలో యానీ జంప్ కేనన్ రెండు లక్షలకు పైగా నక్షత్రాల వర్ణపటాలను ఒక్కొక్కటిగా చూసి వర్గీకరించింది. ఇంగ్లండ్ నుంచి అక్కడికి వచ్చిన సిసిలియా పేన్ ఆ ఫోటో పలకల మీద సాహా సమీకరణాన్ని ప్రయోగించింది. 1925లో ఇచ్చిన సిద్ధాంత గ్రంథంలో ఆమెకు వచ్చిన జవాబు ఎవరూ ఊహించనిది. నక్షత్రాల్లో హైడ్రోజన్ పరమాణువులు ఇనుము వంటి లోహాలకంటే సుమారు పది లక్షల రెట్లు ఎక్కువ. తర్వాతి స్థానం హీలియంది. అప్పటి పెద్ద ఖగోళ శాస్త్రవేత్త హెన్రీ నోరిస్ రస్సెల్ ఇది అసాధ్యమన్నాడు. దాంతో పేన్ తన గ్రంథంలోనే ఈ విలువలు దాదాపు కచ్చితంగా నిజం కావని రాయాల్సి వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత రస్సెల్ వేరే దారిలో వెళ్ళి అదే చోటికి చేరాడు, ఆమె చెప్పింది నిజమని ఒప్పుకున్నాడు. కోపర్నికస్ భూమిని విశ్వ కేంద్రం నుంచి తప్పించాడని ప్రతి పాఠ్యపుస్తకం చెబుతుంది. మన చుట్టూ ఉన్న మట్టి, రాయి, ఇనుము విశ్వంలో లెక్కకే రానంత తక్కువ అని చెప్పిన సిసిలియా పేన్ పేరు చాలా పుస్తకాల్లో లేదు. ఉండాలి.

హైడ్రోజన్ సంగతి తేలడంతో ఇంకో పాత తగాదా తీరింది. సూర్యుడు దేనితో వెలుగుతున్నాడు? తన బరువుకు తానే కుంచించుకుపోతూ వేడి పుట్టిస్తున్నాడని లెక్కగట్టిన లార్డ్ కెల్విన్ సూర్యుడి వయసు కొన్ని కోట్ల ఏళ్ళకు మించదన్నాడు. రాళ్ళు చదివేవాళ్ళకూ, డార్విన్‌కూ అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. నాలుగు హైడ్రోజన్ పరమాణువుల కంటే ఒక హీలియం పరమాణువు బరువు కొద్దిగా తక్కువని ఆస్టన్ కొలవగానే, ఆ తేడాయే నక్షత్రాల ఇంధనం కావచ్చని 1920లో ఎడింగ్టన్ సూచించాడు. కానీ సూర్యుడి మధ్యలో ఉండే కోటిన్నర డిగ్రీల వేడి కూడా రెండు ప్రోటాన్లను, అంటే హైడ్రోజన్ కేంద్రకాలను, కలపడానికి పాత భౌతికశాస్త్రం ప్రకారం చాలదు. క్వాంటం సిద్ధాంతం దారి చూపింది. దాటలేని శక్తి గోడను కూడా ప్రోటాన్ ఎప్పుడో ఒకసారి దాటుతుంది. ఆ అరుదైన సంఘటన సూర్యుడంత చోట క్షణక్షణమూ జరుగుతుంది. 1930ల చివర్లో హాన్స్ బేతే పూర్తి లెక్క చెప్పాడు. సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది, అందులో 40 లక్షల టన్నుల పదార్థం శక్తిగా పోతోంది. సూర్యుడు మెల్లగా మండటానికీ, భూమ్మీద జీవానికి వందల కోట్ల ఏళ్ళు దొరకడానికీ కారణం ఆ గోడ దాటడం అంత కష్టం కావడమే.

సాపేక్ష సిద్ధాంతం తెచ్చిన మార్పు గురించి చాలా రాశారు కాబట్టి ఇక్కడ దాన్ని క్లుప్తంగా చూస్తే చాలు. 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణను స్థలకాలాల వంపుగా వివరించాడు. ఆ సమీకరణాలను మొత్తం విశ్వానికి వర్తింపజేస్తే అది నిలకడగా ఉండనంటుంది. విశ్వం కదలనిదని నమ్మిన ఐన్‌స్టీన్ 1917లో దాన్ని ఆపడానికి ఒక అదనపు పదం చేర్చాడు. ఫ్రీడ్‌మన్ 1922లో, లెమైత్ర్ 1927లో వ్యాకోచించే విశ్వాన్ని అదే సిద్ధాంతం నుంచి రాబట్టారు. అదే కాలంలో టెలిస్కోపుల దగ్గర గీతలు వేరే సంగతి చెబుతున్నాయి. 1912 నుంచి వెస్టో స్లైఫర్ అరిజోనాలో సర్పిలాకార నెబ్యులాల (మబ్బుల్లా కనబడే వెలుగు మచ్చల) గీతలు కొలుస్తూ వచ్చాడు. గీతల వరస అదే, కానీ మొత్తంగా పక్కకు జరిగి ఉంది. ఆండ్రోమెడాది నీలం వైపు, అంటే అది మనవైపు వస్తోంది. మిగతావాటిలో ఎక్కువ భాగం ఎరుపు వైపు. హబుల్ ఆ నెబ్యులాలు మన పాలపుంత బయటి గెలాక్సీలని తేల్చి, 1929లో దూరం పెరిగేకొద్దీ ఆ జరుగుడు కూడా పెరుగుతోందని చూపించాడు. మూలకాల గీతలు ఎక్కడ ఉండాలో కచ్చితంగా తెలిసింది కాబట్టే అవి జరిగాయన్న సంగతి తెలిసింది. పరమాణువు తన చోట స్థిరంగా ఉండటం వల్లే విశ్వం స్థిరంగా లేదని చెప్పగలిగాం.

విశ్వం వ్యాకోచిస్తోందంటే ఒకప్పుడు కిక్కిరిసి, విపరీతమైన వేడితో ఉండి ఉండాలి. ఇక్కడ హీలియం ఇంకోసారి సాక్ష్యం చెబుతుంది. సాధారణ పదార్థం ద్రవ్యరాశిలో సుమారు నాలుగో వంతు హీలియమే. నక్షత్రాలు ఇంతవరకూ తయారు చేసినది కలిపినా అంత రాదు. నక్షత్రాలు తక్కువగా మండిన చిన్న గెలాక్సీల్లో గీతలు కొలిచినా దాదాపు అంతే వస్తుంది. విశ్వం మొదలైన కొద్ది నిమిషాల్లో, అంతా ఒక నక్షత్ర గర్భంలా ఉన్నప్పుడు ఎంత హీలియం తయారవుతుందో లెక్క వేస్తే అదే నాలుగో వంతు వస్తుంది. ఆ తొలి వేడికి మిగులుగా ఆకాశమంతటా నిండి ఉన్న 2.7 కెల్విన్ల వికిరణాన్ని 1965లో పెన్జియాస్, విల్సన్ కనుగొనడం ఈ కథకు బలం చేకూర్చింది.

ఆ తర్వాత గీతలు శాస్త్రాన్ని మళ్ళీ ఇరకాటంలో పెట్టాయి. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీలో హైడ్రోజన్ వాయువు గీతలు ఎంత జరిగాయో, దాన్నిబట్టి ఆ వాయువు ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచారు. సూర్యుడికి దూరంగా ఉన్న గ్రహాలు నెమ్మదిగా తిరిగినట్టు, గెలాక్సీ అంచున ఉన్నవి కూడా నెమ్మదించాలి. అవి నెమ్మదించలేదు. కనబడే నక్షత్రాలకు మించి ఇంకేదో బరువు అక్కడ ఉందని దశాబ్దం గడిచేసరికి చాలామంది ఒప్పుకున్నారు. దానికి డార్క్ మ్యాటర్ అని పేరు. 1998లో దూరపు సూపర్నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు, విశ్వం వ్యాకోచం వేగం పుంజుకుంటోందని చూపించాయి. దానికి కారణమైనదాన్ని డార్క్ ఎనర్జీ అంటున్నారు. ఇవి రెండూ కలిసి విశ్వంలో 95 శాతం. వీటికి సొంత గీత ఒక్కటి కూడా లేదు. కిర్కాఫ్ నుంచి పేన్ దాకా నడిచిన పద్ధతి, అంటే గీత చూసి పదార్థాన్ని పోల్చడం, వీటి దగ్గర పనిచేయదు. మిగిలిన ఐదు శాతం పదార్థం గీతలు ఎలా జరిగాయో చూసి ఈ రెండింటినీ ఊహించాల్సి వస్తోంది.

ప్రస్తుతం ఆ పనిలో ముందున్నది అరిజోనాలోని కిట్ పీక్ మీద ఉన్న డెసి పరికరం. ఐదు వేల ఆప్టికల్ ఫైబర్లతో ఒకేసారి దాదాపు అన్నేసి గెలాక్సీల వర్ణపటాలు తీస్తుంది. మూడేళ్ళలో సుమారు కోటిన్నర గెలాక్సీలు, క్వేజార్ల (దూరపు గెలాక్సీల అతి ప్రకాశమైన కేంద్రాల) గీతలు కొలిచి 2025 మార్చిలో ఫలితాలు ప్రకటించారు. వేరే కొలతలతో కలిపి చూస్తే, ఇన్నాళ్ళూ మారనిదనుకున్న డార్క్ ఎనర్జీ కాలంతోపాటు బలహీనపడుతోందేమో అన్న సూచన వాటిలో ఉంది. అదే నిజమైతే ఐన్‌స్టీన్ 1917లో చేర్చిన స్థిర పదం విశ్వాన్ని వర్ణించడానికి సరిపోదు. కొత్త ఫలితాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోవడానికి భౌతికశాస్త్రంలో ఒక కట్టుబాటు ఉంది. అది కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 35 లక్షల్లో ఒకటి కంటే తక్కువ ఉండాలి. డెసి ఫలితం ఏ సూపర్నోవాల జాబితాతో కలిపినా ఇంకా ఆ మెట్టుకు చేరలేదు. పరికరం గీతలు కొలుస్తూనే ఉంది.